బొత్తాల అవ్వ వేలిముద్ర

ఆసుపత్రిలో రోగులను చేర్చుకునే డాక్టరు గారికి,

నేను ఈ వృద్ధాశ్రమంలో బైబిలు వాక్యం చెప్పేవాణ్ణి. సొంతంగా నేర్చుకున్న చదువు, తప్పులుంటే మన్నించండి.

ఒకప్పుడు బట్టలు కుట్టి బతికిన మా బొత్తాల అవ్వ కోసం ఈ ఉదయం మీ అంబులెన్సు గుమ్మం దాకా వచ్చి, ఖాళీగా తిరిగిపోయింది. జబ్బు చేసినా తనను ఆసుపత్రికి పంపవద్దని అవ్వ వేలిముద్ర వేసిన కాగితం మేనేజరు చూపించాడు.

అది వేయించింది నేనే. మహమ్మారి మొదలైన వారంలో మేనేజరు కాగితాల కట్ట తెచ్చి, "మీరు చెబితే వింటారండీ" అన్నాడు. పొంగిపోయాను. పూర్తిగా చదవనైనా లేదు. "చావుకు భయపడనివాళ్ళు వేలు చాపండి!" అని భోజనాల గదిలో గొంతు చించుకున్నాను. అందరూ చాపారు. అప్పటినుంచి ఏడుగురు ఈ మంచాల మీదే పోయారు. ఇప్పుడు అరవడానికి నాకు ఓపిక లేదు.

అవ్వకు ఊపిరి ఆడటం లేదు. నోరు మాత్రం ఆగలేదు. "నీ పరలోకం ఎక్కడికీ పారిపోదుగానీ, ముందు నన్ను ఆసుపత్రిలో పడెయ్యవయ్యా!" అంటోంది.

గాయపడినవాణ్ణి సత్రానికి చేర్చిన బాటసారి కథ వందసార్లు చెప్పాను. ఒక్కసారీ నా చెవికెక్కలేదు.

తనను మీ దగ్గర చేర్చుకోమని అవ్వ ఈ ఉత్తరం కింద మళ్ళీ వేలిముద్ర వేసింది. ఈసారి ప్రతి ముక్కా రెండుసార్లు చదివించుకుని మరీ వేసింది. పాత కాగితం నా పాపం, దాన్ని పక్కన పెట్టండి. ఈ సిరా ఆరేలోగా బండి పంపించండి.

ఇట్లు,
అవ్వ మంచం పక్కనుంచి,
వాక్యం చెప్పేవాడు