జానెడు డీజిల్ ఇంజను

ఆదివారం, లంబాలైన్

విశాఖలో డీజిల్ ఇంజన్లు నడిపి రిటైరై, మా దీవికి చుట్టపుచూపుగా వచ్చిన మావయ్య ఈరోజు, నేను ఫొటోలు చూసి రెండేళ్ళు కూర్చుని చేసిన జానెడు ఇంజన్ని చేతిలోకి తీసుకున్నారు. చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసుక చల్లే పుల్లంత గొట్టాలు చూసి, "ఇవి కూడానా! నడిపినోణ్ణి, నాకే గుర్తులేవు అల్లుడూ" అన్నారు. నా ఛాతీ ఉప్పొంగింది.

అంతలోనే పకపకా నవ్వారు. "ఎడమేపు ఎర్ర లైటు, కుడేపు పచ్చ లైటేటి? ఇదేటి, ఓడా?"

ఇరవై ఏళ్ళుగా ఓడలకు అటు ఎర్ర, ఇటు పచ్చ లైట్లు బిగిస్తున్న నా చెయ్యి, అలవాటులో పెట్టేసింది.

"అరే, గల్తీ అయిపోయింది మావయ్యా. తీసేస్తాను."

"వద్దు. రైలే లేని దీవిలో పుట్టింది. ఉండనీ."

తీయలేదు. నేనింకా రైలు చూడలేదు. ఎప్పుడైనా అసలు ఇంజను ముందు నిలబడితే, ఆ లైట్లు లేక అదే వెలితిగా కనిపిస్తుందేమో నాకు.