సత్తిబాబును ఎందుకు పిలిచానంటే

అక్కయ్యకు,

నీ తమ్ముడు వెంకటేశ్వర్లు ఇంత దూరం నుంచే నీ కాళ్ళకు దణ్ణం పెట్టి రాస్తున్నాడు. నేను బాగానే ఉన్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు. నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? పొద్దున్నే మార్కెట్టుకి వెళ్ళేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నావా లేదా? ఉల్లిపాయల పొట్టు దుమ్ము నీకు పడదని డాక్టరు గారు చెప్పారు కదా. తాడేపల్లిగూడెంలో నీ ఇంట్లో ఒక గది ఇచ్చి నా భార్యాబిడ్డల్ని, సుజాతనీ లావణ్యనీ, పెట్టుకున్నావు కాబట్టే నాకిక్కడ కంటినిండా నిద్ర పడుతోంది. ఆ మాట ఫోనులో చెప్తే కసురుకుంటావని ఇక్కడ రాస్తున్నాను.

రోజూ ఫోనులో మాట్లాడుకుంటూనే ఈ ఉత్తరం ఏమిటి అనుకుంటావు. నీకు స్పీకరు పెడితే గానీ వినపడదు. స్పీకరు పెడితే పక్కన సుజాత వింటుంది. ఇది ముందు నువ్వు చదవాలి. అందుకని ఇంటికి కాకుండా నువ్వు ఉల్లిపాయలు ఏరే కొట్టు అడ్రసుకి పంపుతున్నాను. చదివాక సుజాతకి నీ చేత్తో నువ్వే ఇవ్వు.

ఈ ఉత్తరాది కొండల్లో చలి సంగతి ఏం చెప్పను. మొన్న మూడు రోజులు వరసగా మంచు పడింది. పొద్దున్నే తలుపు తీస్తే మెట్లు కనపడలేదు. ఇరవై రెండేళ్ళు కైకలూరులో ఐసు తయారుచేసినవాణ్ణి, ఆకాశం నుంచి ఊరికే పడుతుంటే వింతగా చూస్తూ నిలబడ్డాను. మా మేనేజరు ఠాకూర్ గారు చూసి నవ్వారు. మంచి మనిషి. నా హిందీ ఆయనకి సగం అర్థమవుతుంది, ఆయన హిందీ నాకు సగం అర్థమవుతుంది, మొత్తానికి పని జరిగిపోతోంది. ఇచ్చిన రగ్గులు మందంగా ఉన్నాయి. గదిలో హీటరు ఉంది. నువ్వు అల్లించి పంపిన స్వెట్టరు రోజూ వేసుకుంటున్నాను.

పని మనకి తెలిసిందే. అక్కడ అమ్మోనియా కంప్రెసరుతో నీళ్ళని ఐసు చేశాను, ఇక్కడ అదే కంప్రెసరుతో ఆపిల్ పళ్ళు పాడవకుండా చల్లగా ఉంచుతున్నాను. పెద్ద పెద్ద గదుల నిండా పళ్ళే. ఆ వాసన మొదట్లో బాగుండేది, ఇప్పుడు తెలియడం లేదు. తిండికి లోటు లేదు. రాజ్మా అని ఎర్ర గింజల కూర, రొట్టెలు. కడుపు నిండుతుంది కానీ అన్నం తిన్నట్టుండదు. చేప ముక్క కనపడి నాలుగు నెలలైంది. ఒక్కోసారి మధ్యాహ్నం ఎండలో కూర్చుంటే మన లంక గుర్తొస్తుంది. నువ్వు దోనె నడుపుతుంటే నేను ముందు కూర్చుని పలక తడవకుండా నెత్తిన పెట్టుకునేవాణ్ణి. కిక్కిస గడ్డి మధ్యలోంచి పోతుంటే గూడబాతులు ఒక్కసారిగా లేచేవి, నేను భయపడేవాణ్ణి, నువ్వు నవ్వేదానివి. నాన్న నీళ్ళలో పెట్టిన చేపల మావులు ఎత్తి తెచ్చిన మట్టగిడసలు అమ్మ చింతకాయ వేసి వండేది. ఇప్పుడు ఆ నీళ్ళూ లేవు, ఆ దారీ లేదు. మన దోనె తిరిగినచోట చెరువు గట్లు వేశారు. అయినా కళ్ళు మూసుకుంటే నాకు ఆ దారే కనపడుతుంది.

నీ గృహప్రవేశానికి నేను ఊకలో చుట్టి గోనెసంచిలో ఐసు దిమ్మ తెచ్చిన రోజు గుర్తుందా? ఏలూరు దాకా బస్సులో నీళ్ళు కారుతుంటే కండక్టరు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. నాతో వచ్చిన మా ఫ్యాక్టరీ సత్తిబాబు ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని, చేపలు కాదండీ, ఐసండీ, పెళ్ళికండీ అని బతిమాలాడు. గృహప్రవేశం అంటే జాలి పడడని పెళ్ళి అన్నాడట. గూడెం చేరేసరికి సగం మిగిలింది. ఆ సగంతోనే నువ్వు అందరికీ మజ్జిగ చల్లగా ఇచ్చావు.

ఆ సత్తిబాబు గురించే ఈ ఉత్తరం.

సుజాత నీకు చెప్పే ఉంటుంది. ఇక్కడ ఇంకో ఆపరేటరు కావాలని, నమ్మకమైనవాణ్ణి మీ ఊరి నుంచి పిలిపించమని ఠాకూర్ గారు నన్ను అడిగారు. ఆ మాట నేను సంతోషం పట్టలేక సుజాతకి చెప్పాను. తను వెంటనే వాళ్ళ తమ్ముడు రాజేషుకి చెప్పింది. చెప్పదా మరి. రొయ్యల మేత కొట్టు మూసేశాక వాడు ఖాళీగా ఉన్నాడు, చంటిపిల్ల ఉంది. వాడు బ్యాగు కూడా కొనుక్కున్నాడట. నేను పిలిచింది మాత్రం సత్తిబాబుని. అతను వచ్చి పది రోజులైంది. అప్పట్నుంచీ సుజాత నాతో తిన్నారా, పడుకున్నారా అని తప్ప వేరే మాట లేదు. ఒక్కసారి మాత్రం, "ఏవండీ, మన పొట్ట కొట్టినవాడే మీకు దొరికాడా?" అంది.

తన తప్పేమీ లేదు. నీకూ కోపంగానే ఉండి ఉంటుంది. ఏం జరిగిందని మీకు చెప్పానో అది ముందు రాస్తాను. అమెరికా వాళ్ళు మన రొయ్యల మీద పన్ను పెంచారని ధర పడిపోయింది. చెరువులు ఎండబెట్టుకున్నారు. రొయ్యలు లేకపోతే ఐసు ఎవరికి కావాలి. మా ఫ్యాక్టరీ ముందు బారులు తీరే వ్యానులు రెండుకీ మూడుకీ వచ్చేశాయి. ఓనరు గారు మా ఇద్దరినీ పిలిచి, "ఒక్క ఆపరేటరుతోనే నడుపుకోవాలి, ఏమీ అనుకోకండి, ఆలోచించి చెప్తాను" అన్నారు. మర్నాడు సత్తిబాబు ఒక్కడే ఆయన దగ్గరికి వెళ్ళి, వెంకటేశ్వర్లుకి ఏలూరులో కంటి ఆపరేషను అయిన దగ్గర్నుంచీ మీటరు ముల్లు సరిగ్గా కనపడడం లేదని లేనిది కల్పించి చెప్పాడు. ఓనరు గారు ఆ మాటే నాకు చెప్పి నన్ను తీసేశారు. దీపావళి అయ్యాక ఫ్యాక్టరీయే మూతపడి అతనూ రోడ్డున పడ్డాడనుకో, అది వేరే సంగతి.

ఇదంతా జరిగిందే. ఇందులో అబద్ధం లేదు. కానీ నేను చెప్పనిది ఒకటుంది.

ఆ మర్నాడు పొద్దున్న నేనూ వెళ్ళాను అక్కయ్యా, ఓనరు గారి దగ్గరికి. రాత్రంతా మాటలు కూడబెట్టుకుని వెళ్ళాను. సత్తిబాబు డ్యూటీలో తాగుతున్నాడని చెబుదామని. అతను తాగింది ఒక్కసారి, జాతరకి, అదీ డ్యూటీ దిగాక. ఆ తాగినప్పుడు పక్కన ఉన్నది నేనే. అయినా అలాగే చెబుదామనుకున్నాను. లావణ్య పాలిటెక్నిక్ ఆగిపోతుందేమోనన్న భయం తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. ఓనరు గారి గది ముందుకి వెళ్ళేసరికి గుమ్మం బయట సత్తిబాబు చెప్పులున్నాయి. ఎడమ చెప్పు వారు తెగితే రాగితీగతో కట్టింది నేనే, అందుకని చూడగానే పోల్చుకున్నాను. లోపల అతని గొంతు వినపడింది, మాటలు వినపడలేదు. కాసేపు నిలబడ్డాను. తర్వాత వెనక్కి వచ్చేసి బంకు దగ్గర టీ తాగాను.

అంతే తేడా. అతను నాకంటే ముందు వెళ్ళాడు. నేను ఆలస్యంగా వెళ్ళినందుకు మంచివాణ్ణయిపోయాను.

మీరందరూ నామీద జాలి పడ్డారు. పాముకి పాలు పోశావురా అని నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు. సత్తిబాబు భార్య మంగమ్మ అరటిపళ్ళు పట్టుకుని మా ఇంటికి వస్తే సుజాత తలుపు తియ్యలేదు. వాళ్ళ పాప ఓణీల ఫంక్షనుకి మనం ఎవరం వెళ్ళలేదు. నేను లోపల కూర్చుని అన్నీ చూస్తూ ఊరుకున్నాను. చెబితే ఆ జాలి పోతుందని భయం. పని పోయిన మనిషికి మిగిలేది అదొక్కటే కదా.

ఠాకూర్ గారు మనిషి కావాలన్నప్పుడు నాకు మొదట రాజేషే తట్టాడు. ఒట్టు. కానీ అమ్మోనియాతో ఆటలు కాదు. కంప్రెసరు గొంతు కొంచెం మారితే పట్టుకునే చెవి ఉండాలి. ఆ గ్యాసు లీకైతే ప్రాణాలు పోతాయి, కింద హాల్లో పళ్ళు సర్దే ఆడవాళ్ళే ఇరవై మంది ఉంటారు. రాజేషు కష్టపడే కుర్రాడే, కానీ ఆ పని వాడికి తెలియదు. సుజాతకి ఈ ఒక్క కారణం చెప్పి ఊరుకోవచ్చు. తను ఒప్పుకునేది కూడా. కానీ అప్పుడు మళ్ళీ సగమే చెప్పినవాణ్ణవుతాను.

టీ బంకు అతను ఒకరోజు ఫోనులో చెప్పాడు, సత్తిబాబు ఆకివీడులో చేపల ట్రేలు మోస్తున్నాడని. యాభై ఏళ్ళ మనిషి, నడుం నొప్పితో. ఆ రోజు అన్నం సయించలేదు. మధ్యాహ్నం ఫోను చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తి, "చెప్పండి" అన్నాడు. ఇరవై ఏళ్ళు ఏరా అంటే ఏరా అనుకున్నవాళ్ళం, నన్ను మీరు అన్నాడు.

"ఇక్కడ కంప్రెసరు పనుంది. వస్తావా?" అన్నాను.

"నన్నెందుకండీ పిలవడం?" అన్నాడు.

"పని తెలిసినవాడివని. వస్తావా, రావా?"

"వస్తాను" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

బస్సు దిగినప్పుడు మంకీ క్యాపు, రెండు చొక్కాలు, పైన రగ్గు కప్పుకుని గజగజ వణుకుతున్నాడు. సగానికి సగం అయిపోయాడు అక్కయ్యా. సంచిలో ఎండు రొయ్యలు, చింతపండు, గోంగూర పచ్చడి తెచ్చాడు. మంగమ్మ ఇచ్చిందట. మొదటి నాలుగు రోజులు పని మాట తప్ప మాట్లాడలేదు. ఆదివారం మధ్యాహ్నం వంకాయలు దొరికితే అతనే ఎండు రొయ్యలు వేసి వండాడు. పళ్ళెంలో అన్నం పెట్టుకుని కూర్చున్నాక ఇంక ఆగలేక చెప్పేశాను. నేనూ వచ్చానని, నీ చెప్పులు చూసి వెనక్కి తిరిగానని, నీ గురించి ఏం చెబుదామని వచ్చానో అదీ చెప్పాను.

సత్తిబాబు అన్నం కలపడం ఆపేశాడు.

"నువ్వు వచ్చావని నాకు తెలుసురా" అన్నాడు. "కిటికీలోంచి చూశాను. మనిద్దరినీ ఉంచమని, చెరి సగం జీతానికి చేస్తామని అడగడానికి వచ్చావనుకున్నాను. నేను లోపల ఉండడం చూసి అసహ్యమేసి వెళ్ళిపోయావనుకున్నాను. అందుకే నీ మొహం చూడలేకపోయాను. మీ సుజాత తలుపు తియ్యకపోతే, తీయకూడదులే అని మా ఆవిణ్ణి నేనే ఊరుకోబెట్టాను."

చెరి సగం జీతం. ఆ ఆలోచన నాకు రాలేదు అక్కయ్యా. ఆ రోజు వెళ్ళేటప్పుడు అతనికీ రాలేదు. నాకు వచ్చి ఉంటుందని అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఇద్దరం వెళ్ళి ఆ ఒక్క మాట అడిగుంటే ఓనరు గారు ఒప్పుకునేవారేమో కూడా. నేను తల ఎత్తలేకపోయాను. కాసేపటికి అతనే, "తినరా, చల్లారిపోతే నూనె పేరుకుంటుంది. ఇక్కడ ఇద్దరికీ పనుంది కదా" అన్నాడు. తిన్నాం. మూడు గంటలకి డ్యూటీకి వెళ్ళిపోయాం.

రాజేషు సంగతి మర్చిపోలేదు. ఆపిల్ పళ్ళు కోతకొచ్చే రోజులకి ప్యాకింగులో మనుషులు కావాలి, అప్పుడు పిలిపిస్తానని ఠాకూర్ గారి దగ్గర మాట తీసుకున్నాను. అందాకా మీ మార్కెట్లో గ్రేడింగుకో, లోడింగుకో బావగారు ఎవరితోనైనా చెప్పగలరేమో అడుగు. వాడి బ్యాగు ఊరికే పోదని నా మాటగా చెప్పు.

కర్రీ పాయింటులో కూరగాయలు తరిగి తరిగి సుజాత వేళ్ళు కోసుకుంటోందని లావణ్య చెప్పింది. బలవంతంగానైనా వారానికో రోజు మానిపించు. లావణ్యని చదువు గురించి భయపడొద్దను, పరీక్షలు అయ్యేదాకా ఫోను తక్కువ చూడమను. నువ్వు వేళకి తిను. బావగారికి నా నమస్కారాలు. పక్కింటి మామ్మగారిని అడిగానని చెప్పు. మాఘమాసం ఆదివారాల్లో నా పేరున ఒకరోజు నువ్వే పాలు పొంగించు.

ఇది చదివి నామీద కోపం వస్తే తిట్టు, నాకు తిట్లు పడాల్సిందే. మంగమ్మ దగ్గరికి వెళ్ళమని సుజాతకి నేను చెప్పలేను, నువ్వూ చెప్పకు. వెళ్ళాలనిపిస్తే తనే వెళ్తుంది. కానీ తను ఈ ఉత్తరం చదివేటప్పుడు మాత్రం నువ్వు పక్కనే కూర్చో. మధ్యలో ఆపేస్తుంది. చివరిదాకా చదివించు.

నీ దీవెన కోరే
నీ తమ్ముడు
వెంకటేశ్వర్లు