చక్రం తిప్పింది నువ్వే

అవ్వా,

నిన్నటికి నువ్వు పోయి ఏడాది. నిన్ననే జోడ్‌భావి పేట్ వాడలో కుమ్మరులతో చర్చ పెట్టి అన్నను పిలిచారు. నేనూ వెళ్లాను.

"ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని ఒకమ్మాయి అడిగింది.

"మా నాయిన దగ్గర. మాలో ఆడోళ్లు చక్రం ముట్టరు," అన్నాడు అన్న.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"నాయిన మంచాన పడ్డంక చక్రం తిప్పి మనల్ని సాదింది అవ్వ కాదా? నీ చెయ్యి పట్టి నేర్పింది మనల్ని కన్న అవ్వ కాదా?"

"నల్గురి ముందర నాయిన ఇజ్జత్ తీస్తవా? కూసో!" అని కసిరాడు.

"మరి అవ్వకు ఇజ్జత్ లేదా?"

ఆ అమ్మాయి నీ పేరు అడిగింది. అందరికీ వినబడేలా చెప్పాను. అన్న లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పోనీ. నీ పేరు మాత్రం నేను మింగను.

నీ బిడ్డ