మనిషి పోతే ఏ కోడూ లేదు

శుక్రవారం రాత్రి

తిరుచానూరులో మేం కడుతున్న లాడ్జి పని ఈ రోజు ఆగిపోయింది. పొద్దున పరంజా విరిగి మేస్త్రీ మునిరత్నం కింద పడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయాడు.

ఏ పని ఎందుకు ఆగిందో తెలిసేలా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో కోడ్‌లు పెట్టేది నేనే. సిమెంటు రాకపోతే ఒకటి, వాన పడితే ఒకటి. మనిషి పోతే ఏ కోడూ లేదు.

మధ్యాహ్నం మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చాడు. "వానకి పని నిలిచిపోయినాదని పెట్టమ్మా."

"వాన యాడ పడింది సార్? ఎండ మండిపోతా ఉండాది."

"మనిషి సచ్చిపోయినాడని పెడితే ఓనరు ఒప్పుకుంటాడా? చెప్పింది చెయ్."

వాన అని పెడితే, రేపు మునిరత్నం భార్య నష్టపరిహారం అడిగినా అసలు ప్రమాదమే జరగలేదంటారు. మేనేజరు భోజనానికి వెళ్లాక ‘ప్రమాదంలో మరణం’ అని కొత్త కోడ్ పెట్టాను. చూస్తే దాన్ని తీసేస్తాడు. నన్ను కూడా తీసేస్తాడేమో.

నా భయం ఉద్యోగం గురించే కాదు. సేవ్ చేసేటప్పుడు, ఈ కోడ్ ఈ ఒక్క కట్టడానికేనా, అన్నిటికీనా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. తిరుపతిలో మావే ఇంకో రెండు లేస్తున్నాయి. ఆ పరంజాలకూ పుచ్చిన కర్రలే. అన్నిటికీ అని నొక్కాను.