రెండు తీగలు మార్చిన సంగతి

ఎర్రషీదియా, గురువారం

నాన్నకి సలాం. ఒంట్లో బాగానే ఉంది కానీ, నీ మొహం చూడలేని పని చేశాను.

నేను పాఠాలు చెప్పే స్కూల్లో, ఫోముతో చేసిన రిమోటు విమానానికి రెండు బ్రష్‌లెస్ మోటార్లు బిగించాం. ఎడమది వెనక్కి తిరిగింది. ఎవరికీ పాలుపోలేదు. బావి పంపు మోటారుకిలాగే దానికీ మూడు తీగలు. నువ్వు చేసినట్టే రెండింటిని అటూ ఇటూ మార్చాను, మోటారు సరైన వైపు తిరిగింది. విమానం ఖర్జూరపు తోట మీదుగా ఎగిరింది.

హెడ్మాస్టరు లహ్సేన్ గారు అందరి ముందూ "ఈ కిటుకు ఎవరు నేర్పారమ్మా?" అన్నారు. "పుస్తకంలో చదివానండీ" అనేశాను. పంపులు బాగుచేసే మనిషి కూతురినని చెప్పడానికి నోరు రాలేదు. "ఆ పుస్తకం పేరు రాసివ్వు, లైబ్రరీకి తెప్పిద్దాం" అని ఆయన రోజూ అడిగారు. నాలుగు రోజులు తప్పించుకు తిరిగాను. ఇవాళ సిగ్గు విడిచి నిజం చెప్పేశాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "అయితే మీ నాన్నగారినే రమ్మని రాయి, పిల్లలకి చెబుతారు" అన్నారు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి నా ఉన్ని శాలువా వాడుతోందా? ఇక్కడ చలి ముదిరింది, నీతో పంపించమను.

తప్పకుండా రా నాన్నా. నూనె మరకల చొక్కాతో వచ్చినా సరే, గేటు దాకా ఎదురొచ్చి నేనే లోపలికి తీసుకెళతాను.

మీ ఇద్దరి చేతులూ ముద్దాడుతూ,
ఇత్తో