నీటి రంగు చూసే పని

ఒరోసి, నవంబరు 14

ఎలాదియో,

యాభై ఏళ్ల కిందట పరీక్షలు ముగిసిన రోజున, మేం ఈదుతుంటే గట్టున కూర్చుని నీటి రంగు చూస్తుంటానని మాటిచ్చావు. కొండల్లో వాన పడితే వరద వచ్చే ముందు ఏరు మట్టిరంగుకు తిరుగుతుందని నీకు తెలుసు. అయినా నువ్వూ నీళ్లలోకి దిగావు. వరదకు మా తమ్ముడు తోబియాస్ కొట్టుకుపోయాడు.

రేపు పరీక్షలు కాగానే నా మనవరాలు యెసేనియా నీ మనవడితో అదే ఏటికి వెళుతోంది. వద్దన్నాను. "తాతయ్యా, నువ్వు పుస్తకాల్లో మునుగు, మేం ఏట్లో మునుగుతాం" అని నవ్వింది.

నిన్నటి నుంచి కొండల మీద మబ్బు కదలడం లేదు. నా మోకాళ్లు అంత దూరం నడవనివ్వవు. నువ్వు వెళ్లి గట్టున కూర్చో. ఎవరు పిలిచినా దిగకు.

ఆ రోజు "రారా పిరికోడా, గట్టున కూర్చుని ఏం పొదుగుతున్నావు" అని నిన్ను పిలిచింది నేనే. మరచిపోలేదు. కానీ మాటిచ్చింది నువ్వు. నేను ఇప్పటికీ నిందించేది నిన్నే, ఎలాదియో.