స్ప్రింగుల సైకిలు బరువు

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది.

మా మనవరాలికి రాజమండ్రి నుంచి గేర్ల సైకిలు తెచ్చారు. ముందూ వెనకా స్ప్రింగులే. ఎత్తబోతే నా వల్ల కాలేదు. బరువు తగ్గాలని నా సైకిలుకి మడ్‌గార్డులు, స్టాండు, క్యారేజీ పీకేసినవాణ్ణి కదా. "ఇది తొక్కితే పిల్ల కాలేజీకి చేరదు. తిరిగిచ్చెయ్యండి" అన్నాను.

పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఒక్కసారి తొక్కి చూడండి తాతయ్యా. తర్వాత ఇచ్చేద్దాం" అంది.

ధవళేశ్వరం వైపు కాలవగట్టు మీద తొక్కాను. బరువు బరువే. కానీ ఆ దారిలో గోతులున్నాయే, ఒక్కటీ నడుముకి తగల్లేదు. నమ్మలేక దిగి వెనక్కి చూశాను. గోతులన్నీ అక్కడే ఉన్నాయి.

"సైకిలు బరువుదేముందిరా బావమరిదీ, నువ్వు నాలుగు బజ్జీలు తగ్గించు. కుదుపు లేకపోతే ఎంత బరువైనా తొక్కొచ్చు" అనేవాడివి. ఇన్నేళ్ళ వాదంలో ఓడిపోయానని చెబుదామని తిన్నగా మీ ఇంటికే తొక్కేశాను. గుమ్మంలో "బావా" అని పిలిచాను కూడా.

అక్క బయటికొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది.

"ఏంట్రా తమ్ముడూ, ఏం తెచ్చావు?" అంది.

"సైకిలు. పిల్లకి ఉంచేద్దామనుకుంటున్నాను" అన్నాను.

అక్క సీటు మీద చెయ్యి వేసి నొక్కింది. అది కిందికి దిగి, మళ్ళీ లేచింది. ఇంకోసారి నొక్కింది.